ఒక తూము ఎత్తితే రెండు చేలు తడుస్తున్నాయి

(ముఖ పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవారి కోసం, వారి కుటుంబ సభ్యుల కోసం తిరుపతిలో జరిగిన సమావేశంలో ఒక ఫిజియోథెరపిస్టు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. చిత్తూరు నుంచి, పుత్తూరు నుంచి, శ్రీకాళహస్తి నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చినవారు ఇక్కడ ఉన్నారు. వెనుక వరుసల్లో కొందరు చీర కొంగో చేతిరుమాలో మూతికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. తీసేయమని నేను అడగను. ఎప్పుడు తీయాలనిపిస్తే అప్పుడు తీయండి. ఈ గదిలో మీ ముఖాన్ని వింతగా చూసేవారు ఎవరూ లేరు.

ఒకాయన గురించి చెప్పి మొదలుపెడతాను. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాను.

మన చిత్తూరు ప్రాంతంలో వేసవి వస్తే ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిపిస్తారు. మీకు నేను వివరించాల్సిన పని లేదు. పగలు హరికథ, రాత్రంతా వీధి నాటకం, చివరి రోజు మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ ఘట్టం. నా దగ్గరికి వచ్చినాయన పాతికేళ్లుగా ఆ నాటకాల్లో దుర్యోధన వేషం కడుతున్నారు. ఒక ఏడాది నాటకాలు ముగిశాక పొద్దున నోరు పుక్కిలిస్తే నీళ్లు ఎడమ పక్క నుంచి కారిపోయాయట. అద్దంలో చూసుకుంటే మూతి కుడి వైపుకు వెళ్లిపోయి ఉంది. ఎడమ కన్ను మూతపడటం లేదు. రాత్రి మంచులో తిరిగావు, గాలి తగిలింది అన్నారు ఇంట్లోవాళ్లు. పసరు వేయించారు. నాలుగో నెలలో ముఖం కదలడం మొదలైంది. ఊరంతా సంతోషించింది.

ఆయన నా దగ్గరికి వచ్చింది ఆ తరువాత. కుర్చీలో కూర్చుని, "అమ్మా, పక్షవాతం తగ్గింది. తగ్గిన ముఖమే నన్ను ముంచింది" అన్నారు. నవ్వి చూపించమన్నాను. దుర్యోధనుడి నవ్వు ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, సభ దద్దరిల్లాలి. ఆయన నోరు తెరిచి నవ్వారు. పెదవి ఇటు కదిలిందో లేదో ఎడమ కన్ను టక్కున మూసుకుపోయింది. మెడ మీద ఎడమ పక్కన తాడు లాగినట్టు ఒక గీత బిగిసింది. గడ్డం మీద చర్మం గుంటలు పడింది. నవ్వు ఆపగానే కన్ను తెరుచుకుంది. "సుయోధనుడు కన్ను కొడుతున్నాడని ముందు వరుసలో పిల్లలు నవ్వారమ్మా. నేను వేషం విప్పేశాను" అన్నారు.

ఈ కదలికను మా చదువుల్లో సింకైనీసిస్ అంటారు. మనం జంట కదలిక అందాం. మీరు ఒకటి చేయమంటే ముఖం రెండు చేస్తుంది. రెండోది మీరు అడగలేదు, ఆపబోతే ఆగదు. ఈ గదిలో ఉన్నవారిలో చాలామందికి అదే ఇబ్బంది. అయితే ఇది జబ్బు తిరగబెట్టడం కాదు. బలహీనతా కాదు. ఈ రెండు మాటలు పట్టుకోండి, మిగతాదంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

ఇప్పుడు అందరూ కుడి చేయి ఎత్తండి. అరచేతి మడమను కుడి చెవి కింద ఆనించి, ఐదు వేళ్లూ విప్పి ముఖం మీద పరచండి. బొటనవేలు కణత మీదుగా నుదుటి వైపు, చూపుడు వేలు కంటి వైపు, నడిమి వేలు పై పెదవి వైపు, ఉంగరపు వేలు గడ్డం వైపు, చిటికెన వేలు మెడ మీదికి. ముఖ నరం కొమ్మలు సరిగ్గా ఇలాగే విచ్చుకుంటాయి. మెదడు నుంచి వచ్చే 12 జతల నరాల్లో ఇది ఏడోది. ఇందులో దాదాపు 10,000 సన్నటి పోగులు ఉంటాయి. వాటిలో సుమారు 7,000 కండరాలను కదిలించేవి. మిగిలినవి కన్నీటికి, లాలాజలానికి, రుచికి సంబంధించినవి.

ఇన్ని పోగులూ చెవి వెనుక ఎముకలో దాదాపు మూడు సెంటీమీటర్ల సొరంగం గుండా రావాలి. ఆ సొరంగంలో అతి ఇరుకైన చోట ఒక మిల్లీమీటరు వెడల్పు కూడా ఉండదు. నరం వాచిందంటే అక్కడ ఒదగడానికి చోటు లేదు. ఎముక సాగదు, నరమే నలుగుతుంది. ఈ నరం గురించి స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు చార్లెస్ బెల్ 1821లో లండన్ రాయల్ సొసైటీకి పత్రం సమర్పించారు. అందుకే ఏ కారణమూ కనబడకుండా ఉన్నట్టుండి వచ్చే ముఖ పక్షవాతానికి బెల్స్ పాల్సీ అని ఆయన పేరే నిలిచింది. ఎక్కువ మందికి వచ్చేది ఇదే. చెవిలో పొక్కులతో వచ్చేది వేరు, అది అమ్మవారు (చికెన్‌పాక్స్) పోసిన వైరస్సే మళ్లీ లేవడం వల్ల వస్తుంది. దెబ్బ తగిలి, చెవి దగ్గర శస్త్రచికిత్స జరిగి, నరం దెబ్బతినడం ఇంకొకటి. ఎలా దెబ్బతిన్నా, నరం తిరిగి పెరిగేటప్పుడు జరిగే పొరపాటు మాత్రం ఒక్కటే.

ఆ పొరపాటును మన చెరువుల లెక్కలో చెబుతాను. చెరువుకు తూములు ఉంటాయి. ఈ తూము ఎత్తితే వరి మడికి నీళ్లు, ఆ తూము ఎత్తితే వేరుశనగ చేనికి. పెద్ద వాన పడి కాలువ గట్లు కొట్టుకుపోయాయి అనుకోండి. రైతు మళ్లీ తవ్వుకుంటాడు. చీకట్లో, తొందరలో తవ్వితే వరి కాలువ ఒక పాయ వేరుశనగలోకి కలిసిపోతుంది. అప్పుడు తూములో లోపం లేదు, నీళ్లలో లోపం లేదు, చేనులో లోపం లేదు. కానీ ఒక తూము ఎత్తితే రెండు చేలు తడుస్తాయి. నవ్వమని మెదడు వదిలిన నీళ్లు పెదవికీ వెళ్తున్నాయి, కంటికీ వెళ్తున్నాయి. జరిగింది అదే.

అందరికీ ఇలా ఎందుకు జరగదు? కోపెన్‌హేగన్‌లో పీటర్సన్ అనే వైద్యుడు 25 ఏళ్ల పాటు, మందులు తీసుకోని 1,701 మంది బెల్స్ పాల్సీ రోగులను గమనించి 2002లో వివరాలు ప్రచురించారు. వారిలో 85 శాతం మందికి మూడు వారాల లోపే కదలిక మొదలైంది. మొత్తం మీద 71 శాతం మంది ముఖం పూర్తిగా మామూలుకు వచ్చింది. మూడు వారాల్లో కదలిక వచ్చిందంటే నరం నలిగింది గానీ పోగులు తెగలేదని అర్థం. గట్లు అలాగే ఉన్నాయి, నీళ్లు ఆగి మళ్లీ పారాయి. మిగిలిన 15 శాతం మందికి మూడు నుంచి ఐదు నెలలు పట్టింది. వీరిలో పోగులు చచ్చిపోయి, మళ్లీ మొదటి నుంచి పెరుగుతూ రావాలి. నరం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. చెవి వెనుక నుంచి పెదవి దాకా జానెడులో సగం దూరం. లెక్క వేసుకోండి, మూడు నాలుగు నెలలు. కాబట్టి కదలిక ఆలస్యంగా వచ్చినవారిలోనే జంట కదలిక కనబడుతుంది. మన దుర్యోధనుడికి నాలుగో నెలలో రావడంలో ఆశ్చర్యం ఏమీ లేదు.

దారి తప్పడం ఒక్కటే కారణం అనడం కూడా సరి కాదు. దెబ్బతిన్న చోట పోగుల పై తొడుగు పలచబడి, పక్కపక్క పోగుల మధ్య సంకేతం దూకుతుందనే వాదన ఉంది. మెదడు కాండంలో ఈ నరం పుట్టే కేంద్రమే అతిగా స్పందిస్తుందనే వాదన ఉంది. మూడూ కొంత కొంత కలిసి ఉండవచ్చు. వైద్యానికి వచ్చేసరికి మాత్రం ఒకటే సూత్రం, అక్కడికి వస్తాను.

దానికి ముందు, నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

దుర్యోధన వేషధారి రోజుకు 200 సార్లు బెలూన్ ఊదేవారు. చూయింగ్ గమ్ నమిలేవారు. కన్ను గట్టిగా బిగించి, పెదవి గట్టిగా లాగి, అద్దం ముందు చెమటలు పట్టేదాకా చేసేవారు. వేషధారి కదా, సాధన అంటే ఆయనకు ప్రాణం. ఆ సలహా ఆయనకు నేను ఇవ్వలేదు. కానీ ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఎంతోమందికి అదే సలహా ఇచ్చాను. చేయి బలహీనపడితే బరువు ఎత్తిస్తాం, అలాగే ముఖం బలహీనపడితే గట్టిగా కదిలించాలి అనుకున్నాను. ముఖం చేయి వంటిది కాదు. కాలువలు కలిసిపోయి ఉన్నప్పుడు తూము పూర్తిగా ఎత్తేస్తే రెండు చేలూ మునుగుతాయి. ఎంత గట్టిగా నవ్వితే కన్ను అంత గట్టిగా మూసుకుంటుంది. రోజుకు 200 సార్లు ఆ రెండూ కలిసి కదిలితే మెదడు వాటిని ఒకే పనిగా నేర్చుకుంటుంది. అప్పుడు నా మాట విని బెలూన్లు ఊదినవారి ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. ఒక అమ్మాయి పెళ్లి చూపులకు ముందు మూడు నెలలు నేను చెప్పినట్టే చేసింది. ఈ రోజు ఇక్కడ మాట్లాడటానికి ఒప్పుకున్నది ఆ అమ్మాయి కోసమే అనుకోండి.

కరెంటు పెట్టించడం గురించి కూడా అడుగుతారు. ముఖానికి కరెంటు మేలు చేస్తుందనడానికి గట్టి ఆధారం లేదు. జంట కదలిక మొదలైన ముఖానికి అయితే నేను పెట్టను, పెట్టించుకోవద్దనే చెబుతాను. కరెంటుకు ఏ కాలువ ఎటు పోతుందో తెలియదు, అన్నిటినీ ఒక్కసారిగా లేపుతుంది.

ఇంకో సంగతి. జంట కదలిక అంటే నవ్వితే కన్ను మూసుకోవడం ఒక్కటే కాదు. కొందరికి తిరగబడి ఉంటుంది, కన్ను ఆర్పితే పెదవి మూల ఎగురుతుంది. రోజుకు వేల సార్లు కన్ను ఆర్పుతాం, ప్రతిసారీ పెదవి ఎగిరితే ఎదుటివారు మూతి తిప్పుతున్నారని అనుకుంటారు. కొందరికి ఏ పనీ చేయకున్నా ఆ పక్క బుగ్గ బిగుసుకుని, కన్ను చిన్నదై, ముక్కు పక్క గీత లోతుగా పడి ఉంటుంది. చిత్రం ఏమిటంటే బాగున్న పక్కే జారినట్టు కనబడుతుంది. ఫోటో చూసి "నాకు రెండో పక్క కూడా వచ్చిందా" అని భయపడినవారు ఉన్నారు. కొందరికి కన్ను బిగిస్తే చెవిలో గుడగుడ శబ్దం. చెవి లోపల ఒక చిన్న కండరానికీ ఇదే నరం నీళ్లు పెడుతుంది మరి.

అన్నం తింటే కన్నీళ్లు రావడం ఉంది. దీన్ని మొసలి కన్నీళ్లు అంటారు, రష్యన్ వైద్యుడు బోగోరాడ్ 1928లో వివరించారు. ఆ పేరు నాకు నచ్చదు. మన భాషలో మొసలి కన్నీరు అంటే దొంగ ఏడుపు. ఈ కన్నీటిలో దొంగతనం ఏముంది? లాలాజలం ఊరించాల్సిన పోగులు దారి తప్పి కన్నీటి గ్రంథికి చేరాయి, అంతే. మా దగ్గరికి వచ్చే ఒక పెద్దావిడ తిరుమలలో వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో పంక్తిలో కూర్చుని చక్కెర పొంగలి నోట్లో పెట్టుకోగానే ఎడమ కంటి నుంచి ధారగా నీళ్లు కారాయట. పక్కన కూర్చున్న తమిళ ఆవిడ అది భక్తి అనుకుని చేతులు జోడించిందట. మా పెద్దావిడ ఈ సంగతి చెబుతూ, "నాకు సిగ్గేసింది, కానీ చెప్పలేకపోయాను, ఆమె ముఖం అంత బాగుంది" అన్నారు. ఇంట్లో మాత్రం కోడలు ఏడాది పాటు, "అత్తయ్య నా చేతి వంట తింటూ ఏడుస్తున్నారు" అని లోలోపల కుమిలిపోయింది. ఇద్దరినీ కూర్చోబెట్టి నరం బొమ్మ గీసి చూపించాను. అప్పుడు కోడలు ఏడ్చింది.

దీనితో కలగలిపేసే సంగతులు కొన్ని ఉన్నాయి, త్వరగా చెబుతాను. కన్ను అదరడం మనందరికీ ఉంటుంది. ఆడవారికి ఎడమ కన్ను, మగవారికి కుడి కన్ను అదిరితే మంచిదంటారు. నిద్ర చాలకనో కాఫీ ఎక్కువయ్యో వస్తుంది, పోతుంది. పక్షవాతం ఏమీ రాకుండానే ఒక పక్క కన్ను దగ్గర మొదలై, నెలలు గడిచేకొద్దీ బుగ్గకూ పెదవికీ పాకి, నిద్రలో కూడా ఆగకుండా కొట్టుకుంటుంటే అది వేరే జబ్బు. చాలావరకు మెదడు దగ్గర ఒక రక్తనాళం నరాన్ని ఒత్తడం వల్ల వస్తుంది. నరాల వైద్యుడికి చూపించాలి. ఇక మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు రెండు కళ్లూ సమానంగా చిన్నవి కావడం జబ్బే కాదు. 1862లో ఫ్రెంచి వైద్యుడు డ్యుషేన్ అసలైన నవ్వుకు కంటి చుట్టూ ఉన్న కండరమే గుర్తు అని రాశారు. ఆ నవ్వును అణచుకోకండి.

కొత్తగా మూతి వంకర పోయినప్పుడు ఏం చేయాలో కూడా ఇక్కడే చెప్పేస్తాను, మీ ఊళ్లో రేపు ఎవరికైనా రావచ్చు. నుదురు ముడతలు పడుతూ, మూతి మాత్రమే వంకర పోయి, చేయో కాలో మాటో తడబడితే అది మెదడుకు వచ్చిన పక్షవాతం. 108కు ఫోన్ చేయండి, క్షణం ఆలస్యం చేయవద్దు. నుదురుతో సహా సగం ముఖం పడిపోతే ముఖ నరం. ఏది ఏదో తేల్చేది వైద్యుడే, ఇంట్లో కూర్చుని తేల్చుకోకండి. ముఖ నరమే అయినా 72 గంటల లోపు మందు మొదలుపెట్టాలి. స్కాట్లాండ్‌లో 551 మందితో జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. అందులో ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ మందు వాడినవారిలో తొమ్మిది నెలలకు 94.4 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, వాడనివారిలో 81.6 శాతం. పసరు వేయించుకుని 40 రోజులు పథ్యం ఉంటే ఆ మూడు రోజులు పోతాయి. నమ్మకాన్ని నేను తప్పుపట్టను. ముందు ఆసుపత్రి, తరువాత మీ ఇష్టం. షుగరు ఉన్నవారు ఈ స్టెరాయిడ్ మందు వైద్యుడి కనుసన్నల్లోనే వాడాలి. కన్ను మూతపడకపోతే పగలు చుక్కలు, రాత్రి రెప్పకు టేపు. కంటి నల్లగుడ్డు ఎండిపోతే తిరిగి తెచ్చుకోలేం.

ఇక సాధన. నాట్యశాస్త్రంలో భరతముని చూపులు 36 అన్నారు. కనుబొమల కదలికలు 7, చెక్కిళ్లవి 6, కింది పెదవివి 6. ముఖాన్ని ఇలా ముక్కలు ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కదాన్ని విడిగా సాధన చేయించే సంప్రదాయం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. నెదర్లాండ్స్‌లో ముఖ పక్షవాతానికి మైమ్ థెరపీ తయారు చేసినప్పుడు ఒక మూకాభినయ కళాకారుడి సాయమే తీసుకున్నారు. నాకు ఇది చాలా సంతోషం కలిగించే సంగతి. మన సంగీత నృత్య కళాశాల పిల్లలు అద్దం ముందు కనుబొమ ఒక్కటే ఎత్తే సాధన చేస్తారు చూడండి, మీకు కావలసింది సరిగ్గా అదే. కన్నూ పెదవీ వేరు వేరు అని మెదడుకు మళ్లీ నేర్పాలి.

మన నటుడికి నేను మొదట చెప్పింది, రెండు వారాలు ఏ వ్యాయామమూ చేయవద్దని. ఆయనకు కోపం వచ్చింది. బిగుసుకున్న బుగ్గను బొటనవేలు లోపల, రెండు వేళ్లు బయట పెట్టి పట్టుకుని, నెమ్మదిగా ముందుకు సాగదీసి అర నిమిషం ఉంచడం, అంతే. తరువాత నవ్వు. దుర్యోధనుడి నవ్వు కాదు. పక్కన కూర్చున్నవారికి కూడా తెలియనంత చిన్న నవ్వు. కన్ను కదలబోయే ముందే ఆగాలి. ఐదు సార్లు. రోజుకు మూడు నాలుగు పూటలు. నీళ్లు సన్నగా వదిలితే ఒక్క చేనే తడుస్తుంది, ఆ సన్నటి ధారకే మెదడు అలవాటు పడుతుంది. వారాలు గడిచేకొద్దీ కన్ను కదలకుండా నవ్వు ఇంకొంచెం వెడల్పవుతుంది. ఎనిమిది నెలలు పట్టింది ఆయనకు.

సాధనకు లొంగని బిగువు ఉంటే బొటులినమ్ టాక్సిన్ ఇంజెక్షన్ ఉంది. జనం బొటాక్స్ అంటారు. సినిమా తారల ముడతల కోసం కాదు ఇది మొదట వచ్చింది. అమెరికాలో 1989లో అనుమతి ఇచ్చింది మెల్లకన్నుకూ కంటిరెప్పల బిగువుకూ. కంటి చుట్టూ, మెడ మీద కొద్దిగా వేస్తే అడగని కదలిక తగ్గుతుంది. మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది, ఆ వ్యవధిలో సాధన సులువవుతుంది. అనుభవం ఉన్న వైద్యుడి చేతే వేయించుకోవాలి.

(సభలో ఒకరు: "మేడం, మా నాన్నకు వచ్చి ఆరేళ్లయింది. ఇప్పుడు మొదలుపెడితే లాభం ఉందా?")

ఉందయ్యా. ఏళ్లు గడిచిన ముఖాలు కూడా మారడం నేను చూశాను. తప్పిన కాలువను మళ్లీ పాత దారికి మళ్లించలేం, ఆ మాట దాచను. తూము ఎంత ఎత్తాలో నేర్చుకోవడానికి మాత్రం వయసుతో పని లేదు. నాన్నగారిని తీసుకురండి.

(మరొకరు: "ఆయన మళ్లీ వేషం కట్టారా?")

కట్టారు. నవ్వు మార్చుకున్నారు. పెద్దగా నవ్వే చోట ముఖం కుడి పక్క జనానికి కనబడేలా తిరుగుతారు. ఎడమ కన్ను ఇంకా కొద్దిగా చిన్నదవుతుంది. నేను ముందు వరుసలో కూర్చుని చూశాను, పిల్లలు భయపడ్డారు.

ఇప్పుడు మీకు ఇచ్చిన అద్దాలు తీయండి. భుజాలు వదులు చేయండి. నోరు మూసి, పళ్లు ఆనకుండా ఉంచండి. ముఖం ఏ పనీ చేయవద్దు. ఇప్పుడు పెదవి మూలలు... చాలు, చాలు, అంత వద్దు. రెండో వరుసలో అమ్మా, మీరు ఎక్కువ నవ్వారు, కన్ను కదిలింది. అందులో సగం. దానిలోనూ సగం. అక్కడ ఆపండి. కన్ను నిలిచింది చూశారా? ఇక వదిలేయండి. మళ్లీ ఒకసారి.